పడక సీను డైరీ

అక్టోబరు 20

ఊరి నుంచి అన్నయ్య ఫోను చేశాడు. కనుమ రాత్రి రామాలయం ముందు పందిట్లో పిల్లల కార్యక్రమాలు పెడుతున్నారట. "మీ ఆడపిల్లలు డాన్సేమైనా చేస్తారా?" అని అడిగాడు. డాన్సు కాదు, ముగ్గురం కలిసి పద్యనాటకం వేస్తాం అనేశాను. ఫోను పెట్టేశాక మా ఆవిడ చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

నా నాటకానుభవం ఎంతో కూడా రాసుకోవాలి కదా. కాలేజీలో ఒక్కసారి భటుడి వేషం కట్టాను. "చిత్తం ప్రభూ" అన్న మాట రెండుసార్లు అనాలి, రెండోసారి మర్చిపోయాను. అంతే. పద్యాలు మాత్రం చిన్నప్పటి నుంచీ చెవిలో ఉన్నాయి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్న నూతి దగ్గర నీళ్ళు తోడుతూ పద్యం ఎత్తుకునేవాడు. చేద మధ్యలో ఆగిపోయేది గానీ రాగం ఆగేది కాదు.

అక్టోబరు 27

ఏ సీను వెయ్యాలన్నదే వారమంతా నడిచింది. ఒక తండ్రికి, తొమ్మిదో తరగతి కూతురికి, ఐదో తరగతి కూతురికి కుదిరే సీను మన పద్యనాటకాల్లో వెతకడం ఎంత కష్టమో మొదలుపెడితే గానీ తెలియలేదు. హరిశ్చంద్రలో కాటిసీను అనుకున్నాను. అందులో చంద్రమతి భార్య. వద్దు. తులాభారంలో కృష్ణుడు, సత్యభామ, రుక్మిణి. అసలే వద్దు. 1885లో కీచక వధతో మొదలైన సురభి వాళ్ళకి ఇల్లే నాటక సమాజం, ఇంటిల్లిపాదీ వేషాలు కట్టేవాళ్ళే. అక్కడ నాటకం బయటి చుట్టరికాలు చూసుకుంటూ కూచుంటే తెర లేవదు. మాకు అంత గుండె లేదు.

చివరికి పెద్దదే అంది, "ఆడ వేషమే లేని సీను చూడు నాన్నా, గొడవ వదిలిపోతుంది" అని. అలా దొరికింది పడక సీను. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగంలోది. మనిషికొకటి చొప్పున సరిగ్గా మూడే వేషాలు. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు ముందొచ్చి నిద్రపోతున్న కృష్ణుడి తలవైపు కుర్చీలో కూచుంటాడు. వెనకొచ్చిన అర్జునుడు కాళ్ళ దగ్గర చేరతాడు. కృష్ణుడు లేవగానే కంటపడేది కాళ్ళవైపు ఉన్నవాడే. అక్కడి నుంచి అసలు కథ.

అక్టోబరు 29

వేషాల పంపకం. నా లెక్కలో కృష్ణుణ్ణి నేనే. అందులో చర్చ ఉంటుందని కూడా అనుకోలేదు. పెద్దది తాపీగా అడిగింది, "నాన్నా, కృష్ణుడికి బొజ్జ ఉంటుందా?"

కాబట్టి పెద్దది కృష్ణుడు. అర్జునుణ్ణి నేను కడతానంటే మా అమ్మ ఫోనులోనే కస్సుమంది. కన్నకూతురి కాళ్ళ దగ్గర తండ్రి కూచుంటాడా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని. ఆవిడకి అసలు ఆడపిల్లలు స్టేజీ ఎక్కడమే ఇష్టం లేదు, అందుకని ఈ చిన్న విషయంలో తగ్గాను. చిన్నది అర్జునుడు, నేను దుర్యోధనుణ్ణి. చిన్నదానికి గద కావాలట, గాండీవం వద్దట. అర్జునుడికి గద ఉండదని చెప్పడానికి అరగంట పట్టింది. ఇంకా ఒప్పుకోలేదు.

"మగవేషాలు కడతారంటే జనం నవ్వుతారురా" అంది అమ్మ. మన తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్థానం నరసింహారావు గారు చీర కట్టి సత్యభామగా వస్తే ఎవరూ నవ్వలేదు, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు, ఇప్పుడు మీ మనవరాళ్ళు పంచె కడితే వచ్చిన నష్టమేంటి అన్నాను. "ఆయనా వీళ్ళూ ఒకటేనా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నవంబరు 3

పద్యం నేర్పడం మొదలు. ఇంగ్లీషు మీడియం పిల్లలు. చిన్నది తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. పుస్తకంలో ఉన్నట్టు ఇస్తే నోరు తిరగలేదు. సంధులు విడగొట్టి రాసిస్తే నోరు తిరిగింది గానీ పద్యం నడక పోయింది. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. మా అపార్టుమెంటు మెట్లు. సాగదీసి పలికే అక్షరం, అంటే గురువుకి ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఆగాలి, పొట్టిగా పలికే లఘువుకి ఒక్క కాలు మోపి పైకి పోవాలి. కృష్ణుడు అర్జునుణ్ణి పలకరించే పద్యం "ఎక్కడనుండి రాక" అనుకుంటూ మూడో అంతస్తు దాకా వెళ్ళారు. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలు. మెట్లేమో అంతస్తుకి పద్దెనిమిదే. మిగిలిన రెండు అక్షరాలూ పక్కింటివాళ్ళ గుమ్మం ముందు పడేవి.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీ, దొరికినప్పుడు పెద్దదాని మొహం చూడాలి. "బావా యెప్పుడు వచ్చితీవు సుఖులే భ్రాతల్" అని పది సార్లు చదివి, "నాన్నా, బా దగ్గర మొదలై పదమూడో అక్షరం మళ్ళీ భ్రా!" అని అరిచింది. శార్దూలమమ్మా అది, అలాగే ఉండాలి అన్నాను. ఎవరో చెప్పి ఉంటే గుర్తుండేది కాదు, తనే పట్టుకుంది కదా, ఇక మర్చిపోదు.

నవంబరు 9

అసలు చిక్కు ఇవాళ బయటపడింది. ఆ "బావా" దగ్గర.

కృష్ణుడు దుర్యోధనుణ్ణి బావా అనే పిలుస్తాడు. అంటే పెద్దది నా వైపు తిరిగి, చెయ్యి చాచి, రాగం తీసి, బావా అనాలి. "బా" దాకా బాగానే వస్తుంది. "వా" దగ్గర చిన్నది కిసుక్కుమంటుంది. దాన్ని చూసి పెద్దది. వాళ్ళిద్దర్నీ చూసి వంటింట్లో మా ఆవిడ. గంటన్నర రిహార్సల్‌లో పద్యం ఒక్కసారి కూడా రెండో పాదం చేరలేదు. బావ బదులు "అన్నా" అని పెట్టుకుందామా అంది పెద్దది. "అన్నా యెప్పుడు" అంటే గణాలు సరిపోతాయి గానీ భ్రా ముందు యతి పోతుంది కదే అన్నాను. యతి కనిపెట్టిన మనిషి, తలొంచుకుని ఊరుకుంది.

నవంబరు 17

శ్రుతి. మా ఊళ్ళో హార్మోనియం వాయించే మాస్టారు ఉన్నారు, డెబ్భై దాటిన మనిషి. వారానికి రెండు రోజులు వీడియో కాల్‌లో పాఠం. ఆయన హార్మోనియం మెట్టు నొక్కేసరికి ఇక్కడ మాకు వినపడేది ఒక క్షణం ఆలస్యంగా. కాబట్టి కలిసి పాడటం కుదరదు, ఆయన పాడాక మేం పాడాలి.

నా గొంతు కింద, ఒకటిన్నర శ్రుతి. పిల్లలది పైన, ఐదున్నర. ముగ్గురికీ ఒకటే శ్రుతి పెడితే ఎవరో ఒకరు చావాలి. మైకులు లేని రోజుల్లో నటులందరూ ఎత్తు శ్రుతిలోనే పాడేవాళ్ళు, చివరి వరసకి వినపడాలి కాబట్టి. నేనూ ఐదులో ప్రయత్నించాను. కింది ఫ్లాటు ఆయన వచ్చి ఏమైందండీ అని అడిగాడు. మాస్టారు చివరికి దుర్యోధనుడి పద్యాలు నాకు ఒకటిన్నరలోనే పెట్టి, మధ్య వచనం నడిచేటప్పుడు శ్రుతి మార్చేస్తానన్నారు. నా పద్యాలు కూడా నాలుగు నుంచి రెండుకి తగ్గాయి. ఎవరూ కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు.

పిల్లల్ని మోహనలో మొదలుపెట్టించారు. ఐదే స్వరాలు, తప్పిపోయే సందులు తక్కువ అన్నారు. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు కదమ్మా, పద్యానికి తాళం లేదు కాబట్టి ఇక్కడ తండ్రికి పనిలేదు అని ఆయన నవ్వుతుంటే పిల్లలు నా వైపు చూసి మరీ నవ్వారు.

ఇంకో మంచి పాఠం ఇవాళే. "సుఖులే కదా యశో" అని మొదటి పాదం అయిపోతుంది. "భాక్కులు" రెండో పాదంలో ఉంది. పాదం అయిందని అక్కడ ఊపిరి తీస్తే యశోభాక్కులు అన్న మాట రెండు ముక్కలవుతుంది. కదా దగ్గర ఊపిరి తీసుకుని, అక్కడి నుంచి కలిపి లాగాలి. "పద్యాన్ని గొంతుతో కాదు, అర్థంతో విరవాలి" అన్నారు మాస్టారు. ఆ తర్వాత రాగం ఎంతసేపు తియ్యాలన్న దాని మీద ఆయనకీ నాకూ చిన్న వాదన. పద్యం అయ్యాక రెండు నిమిషాలు ఆలాపన తీస్తే కథ ఎక్కడిదక్కడే ఆగిపోతుందని నా గోల. అది లేకపోతే పద్యనాటకం ఎందుకు, వచనం చెప్పుకోండి అని ఆయన. పద్యానికి పది సెకన్లకి బేరం కుదిరింది.

నవంబరు 30

రవీంద్రభారతిలో సురభి వాళ్ళ మాయాబజార్ చూసొచ్చాం. చిన్నది స్టేజీ మీది మాయల వెనకున్న తీగలు వెతకడంలో పడి కథ చూడలేదు. పెద్దది మాత్రం పక్క తెరల వైపే చూస్తూ కూచుంది. ఇంటికొచ్చేదారిలో అంది: "వాళ్ళు నవ్వరెందుకో తెలుసా? ఆ మనిషి వచ్చేటప్పుడు నాన్నగా రాడు, వేషంగా వస్తాడు. నువ్వు లుంగీలో కూచుని బావా అనమంటే నవ్వు రాదా మరి?"

నిజమే. రేపటి నుంచి రిహార్సల్‌లో లుంగీ బంద్.

డిసెంబరు 8

అద్దె డ్రస్సులు పెద్దవాళ్ళ కొలతలకే దొరుకుతున్నాయి. నాకు దొరికింది, పిల్లలకి ఇంట్లోనే. కిరీటానికి టీవీ అట్టపెట్టె, బంగారు రంగు కాగితం, పాత గాజులు పగలగొట్టి తీసిన అద్దాలు, ఫెవికాల్. మొదటి కిరీటం ముందుకు ఒరిగి కృష్ణుడి ముక్కు మీద పడింది. వెనక బరువు లేక. నెమలి ఈక కింద నాలుగు రూపాయి బిళ్ళలు అంటించాక నిలబడింది. ఇప్పటిదాకా ఖర్చు 640 రూపాయలు, నా డ్రస్సు అద్దె కాకుండా.

గద సంగతి ఇంకో రకంగా తెమిలింది. ప్లాస్టిక్ పైపు చివర బంతి పెట్టి నేను చేసింది మరీ ఐస్‌క్రీం పుల్లలా ఉంది. ఫోటో చూసి అమ్మ నవ్వి, "ఆ పని నాకు వదిలెయ్యరా" అంది. ఊళ్ళో పాత పేపర్లు నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, గుజ్జు చేసి కుండ మీద మెత్తి ఎండబెడుతోందట. చిన్నప్పుడు మా ఇంట్లో చేటలు, బుట్టలు అలాగే చేసేవాళ్ళు. మెంతి కలిస్తే పురుగు పట్టదు. నాటకం వద్దన్న మనిషి దుర్యోధనుడికి గద చేస్తోంది! ఆ మాట పైకి అనలేదు, అంటే మానేస్తుందని.

డిసెంబరు 22

కృష్ణుడు నిజంగా నిద్రపోతున్నాడా, నటిస్తున్నాడా? మూడు రోజులుగా ఇంట్లో ఇదే. నిద్రే, దేవుడి నిద్ర, అందుకే ఆ గాంభీర్యం అని నేను. పెద్దది ఒప్పుకోదు. వచ్చినవాళ్ళిద్దరూ ఎందుకొచ్చారో తెలిసే కుశలం అడుగుతున్నాడు, అటు కర్ణుడి నుంచి భీష్ముడి దాకా, ఇటు భీముడు వాళ్ళన్న ధర్మరాజు మాట వింటున్నాడా లేదా అని కూడా. అంత తెలిసినవాడికి నిద్రేంటి అంటుంది. దుర్యోధనుడు మీసం దువ్వుకుంటూ కుర్చీలో సర్దుకునేటప్పుడు ఒక్క కన్ను తెరిచి జనం వైపు చూస్తుందట. మాస్టారు ఒప్పుకోరని నేను. అడిగాం. "ఒక్కసారే. రెండోసారి తెరిస్తే విదూషకుడవుతాడు" అన్నారు.

మంచం కొలతలు కూడా ఇవాళే తేలాయి. మనిషి వెల్లకిలా పడుకుంటే కింద కూచున్న జనానికి కనపడేది మంచం పట్టె మాత్రమే. వెనక కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టి చూశాం, ఒళ్ళంతా కనిపించింది. రెండేసి పెడితే కృష్ణుడు దొర్లి జనంలో పడతాడు. ఒకటిన్నర దగ్గర ఖాయం చేశాం. నా కుర్చీ మంచానికి అడ్డం రాకూడదు, అలాగని తల పక్కనుంచి దూరంగానూ ఉండకూడదు. హాల్లో నేల మీద సుద్దతో గీతలు గీసుకుని ఫోటో తీశాను.

సీను నిడివి 24 నిమిషాలు వచ్చింది. పూర్తి సీనయితే గంట దాకా లాగుతారు. మేం పద్యాలు తొమ్మిది ఉంచుకున్నాం.

జనవరి 5

చిన్నదానికి దగ్గు. నాలుగు రోజులు పాడొద్దన్నాం. పద్యం మనసులో అనుకుంటూ మెట్లెక్కింది.

ఒక మంచి మార్పు. కోరుకోవడంలో ముందు అవకాశం చిన్నవాడైన అర్జునుడికి ఇస్తాడు కృష్ణుడు. చిన్నది దాన్ని ఇంట్లో చట్టం చేసింది. టీవీ రిమోటు, కిటికీ సీటు, చికెన్‌లో లెగ్ పీసు, అన్నిటికీ "కృష్ణుడే చెప్పాడు". పెద్దది కృష్ణుడు కాబట్టి కాదనలేకపోతోంది.

జనవరి 13, భోగి

ఊరొచ్చాం. గద చూశాను. అసలు ఇత్తడిదేమో అనుకున్నాను. అమ్మ దానికి పసుపు రాసి, పైన బంగారు రంగు కొట్టించింది. బరువు కేజీ కూడా లేదు. చిన్నది దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంది.

మాస్టారితో మొదటిసారి ఎదురెదురుగా రిహార్సల్. ఫోనులో వినపడని తప్పులన్నీ వినపడ్డాయి. అయినా ఆయన పిల్లల్ని ఏమీ అనలేదు, నన్నే అన్నారు. "బావా" దగ్గర మళ్ళీ ఇద్దరూ నవ్వారు. నాకు టెన్షన్ పట్టుకుంది.

జనవరి 15, కనుమ

ఇది రాసేసరికి రాత్రి ఒంటిగంట. మేకప్ ఇంకా చెవుల వెనక ఉంది.

సాయంత్రం ఆరింటికే మొహాలకి రంగు. కృష్ణుడికి నీలం పూసేవాడు సీసాలో మిగిలినదంతా వాడేశాడు, పెద్దది పచ్చిమామిడి రంగుకీ మబ్బు రంగుకీ మధ్యలో తేలింది. చిన్నదానికి కాటుక పెన్సిలుతో సన్నటి మీసం. నాకు జిగురుతో అంటించిన పెద్ద మీసాలు, మూతి కదిపితే లాగుతోంది. తెర వెనక మాటలు అందించడానికి మా ఆవిడ, పుస్తకం, టార్చిలైటు.

మా ముందు ఆరు డాన్సులు. పందిట్లో ఉన్న కుర్రాళ్ళు ఈలలేసి వెళ్ళిపోయారు. మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, నిద్రపోతున్న పిల్లలు. మనకి కావలసిన జనం వాళ్ళే అని మాస్టారు హార్మోనియం తెరిచారు.

ఒంటి కన్ను దగ్గర నవ్వు వచ్చింది. నా వీపు వెనక జరుగుతోంది కాబట్టి నాకు కనపడలేదు, చప్పుడు వినపడింది. ముందు వరసలో ఒక ముసలాయన "కంతిరి కృష్ణుడు" అన్నాడు గట్టిగా. చిన్నది వచ్చి దణ్ణం పెట్టి కాళ్ళ దగ్గర నిలబడింది. కృష్ణుడు లేచి "ఎక్కడనుండి రాక" ఎత్తుకుంది. కదా దగ్గర ఊపిరి. అమ్మయ్య.

తర్వాత నా వైపు తిరిగింది. నేను ముందే పళ్ళు బిగబట్టుకుని కూచున్నాను. చిన్నది నవ్వకూడదని పైన పందిరి వాసాలు లెక్కపెడుతోంది. పెద్దది చెయ్యి చాచి, కళ్ళలోకి సూటిగా చూసి "బావా" అంది. ఎంత నిండుగా అందంటే, ఆ క్షణం నేను దాని నాన్నని కాను. అది అర్థమయ్యేసరికి నాకు నవ్వొచ్చింది. రెండు నెలల్లో ఒక్కసారి కూడా నవ్వని మనిషిని, పందిట్లో నవ్వాను. కుడివైపు మీసం ఊడి వేలాడింది.

పెద్దది ఆగలేదు. పద్యం మధ్యలో నడిచొచ్చి, "సుతుల్ చుట్టముల్" అంటూ నా భుజం మీద చెయ్యి వేసి, రెండో చేత్తో మీసం అదిమి, అలాగే రాగం పూర్తి చేసింది. జనం అది నాటకంలో భాగమే అనుకున్నారు. బావామరదుల సరసం అనుకుని చప్పట్లు కొట్టారు.

చిన్నదాని రెండో పద్యానికి "ఒన్స్ మోర్" అని అరిచారు. దానికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. తప్పు పాడింది కాబోలు, మళ్ళీ పాడమంటున్నారు అనుకుని కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. ఏం చెయ్యాలో తోచక దుర్యోధనుడి గొంతుతోనే, "అర్జునా! నీ గానము వీరికి మిక్కిలి నచ్చినది. మరల వినిపింపుము" అన్నాను. అన్ని రిహార్సల్సులోనూ కన్నా ఈ ఒక్క మాటే బాగా చెప్పానని మా ఆవిడ తీర్పు. చిన్నది మళ్ళీ పాడింది. ముక్కు చీదుకుంటూ పాడినా శ్రుతి పోలేదు. ఎవరో ముసలమ్మ వచ్చి దాని పంచె అంచుకి వంద రూపాయల నోటు పిన్నుతో గుచ్చి వెళ్ళింది.

"ఆయుధమున్ ధరింప" అయ్యాక చిన్నది కృష్ణుణ్ణి కోరుకుంది, నేను సేనని తీసుకుని గద భుజాన వేసుకుని దర్జాగా బయటికి నడిచాను. తెర పడేటప్పుడు మంచం కింద ఇటుక ఒకటి జారింది. కృష్ణుడు అప్పటికే నిలబడి ఉన్నాడు, బతికిపోయాం.

అమ్మ మొదటి వరసలో కూచోలేదు. అరుగు మీద చివర్న కూచుని చూసిందట. ఇంటికొచ్చాక పిల్లలిద్దరికీ దిష్టి తీసింది. నాకు తియ్యలేదు. "నువ్వు నవ్వావు" అంది.

జనవరి 17

అద్దె డ్రస్సు తిరిగి ఇచ్చేశాను. మీసం పోయినందుకు వంద రూపాయలు పట్టుకున్నారు, చిన్నదాని వంద అలా పోయింది. అది తెలిశాక నాతో మాట్లాడటం లేదు. గద ఊళ్ళోనే బీరువా మీద ఉంది.

బస్సులో పెద్దది నోటు పుస్తకం తీసి వచ్చే ఏటికి వేషాలు రాస్తోంది. రాయబారం సభ సీనట. కృష్ణుడు తనే, కర్ణుడు చెల్లి. దుర్యోధనుడి వేషానికి వాళ్ళమ్మని అడుగుతుందట, గొంతు పెద్దది కాబట్టి. నా పేరు ఎదురుగా ధృతరాష్ట్రుడు అని రాసింది. కూచునే ఉండొచ్చు, పద్యాలు తక్కువ, నవ్వొచ్చినా తల దించుకుంటే చాలట.